అంచుకు రెండు వేళ్ల కింద

పూడ్చొద్దు, నేనొచ్చేదాంక ఆపు అన్నానే గానీ ఎందుకు ఆపమన్నానో, ఆదోని బస్టాండులో బస్సెక్కి, కిటికీ పక్కన సీటు దొరికి, కండక్టరు నా ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్టు చేతిలో పెట్టి ముందుకు పోయిన తరువాత కూడా నాకు తెలియలేదు. పొద్దున ఏడింటికి తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు నాగేంద్ర. ఎమ్మిగనూరులో మోటార్లకు వైండింగ్ చేసే షాపు పెట్టుకున్నాడు, మా నాయన కట్టిన ఇంట్లోనే ఉంటాడు. "అక్కా, మగ్గం గుంట పూడిపిస్తాండా ఈ పొద్దు. పదకొండుకు మేస్త్రి వస్తాడు. పైన టైల్స్ ఏపిస్తా. నీకొక మాట సెప్పల్ల కదా అని" అన్నాడు. మంచి పనే. మూడు నెలల కింద వాడి భార్య దీప అదే గుంటలోకి జారి కాలు విరగ్గొట్టుకుంది, ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తోంది. ఆసుపత్రిలో దాని మంచం పక్కన కూర్చొని ఆ గుంటను నోటికొచ్చినట్టు తిట్టింది నేనే. అలాంటిదాన్ని, మంచిదప్పా చేయించు అనబోయి, "వద్దు తిప్పన్నా, పూడ్చొద్దు" అన్నాను. తిప్పన్న వాడి ఇంటి పేరు, అంటే ఇంట్లో పిలిచే పేరు. పదేళ్లప్పటి నుంచి ఆ పేరుకు వాడు పలకడు. అలా పిలిచాడని మేనమామ ఇంటికి రెండేళ్లు పోలేదు. "ఏముందక్కా ఆ గుంటలో?" అన్నాడు. ఏముందో నాకు తెలిస్తే కదా. నేనొచ్చి సెప్తా అన్నాను. "పదకొండు దాంక సూస్తా. ఈ మేస్త్రి మళ్లీ దొరకడు" అని ఫోన్ పెట్టేశాడు.

ఇప్పుడు పది దాటింది. గంట ప్రయాణం. ఈ గంటలో నాకు జవాబు దొరకాలి. దొరకకపోతే తమ్ముడి గుమ్మంలో నిలబడి, యాభై అయిదేళ్ల మనిషిని, ఊరికే అన్నానప్పా అని నవ్వాలి. వాడు నవ్వడు. అక్కకు ఇంటి మీద ఏదో ఉందనుకుంటాడు. దీప నోరు తెరిచి అడగదు గానీ నా కాలు విరిగినా ఈమెకు పట్టలేదే అనుకుంటుంది. అనుకోవడంలో తప్పులేదు, నేనైనా అదే అనుకుంటాను. బడిలో పిల్లలకు మధ్యాహ్నం వంట చేసేది నేనూ మేరీ. ఈరోజు మొత్తం మేరికి అప్పజెప్పి వచ్చాను. "పో మల్లక్కా, పప్పులో ఉప్పు నేనే ఏసుకుంటా గానీ, నీ గుంట నువ్వు సూసుకోని రా" అంది. మేరికి నా చిన్నతనం నాకంటే ఎక్కువ తెలుసు. ఇన్నేళ్లుగా గుమ్మడికాయ తరుగుతూ వంకాయ తరుగుతూ దానికి అదే చెబుతున్నాను. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు దారాలు చాచి కుంచెలతో గంజి పట్టించేవాళ్లని, ఆ పుల్లటి వాసన వస్తే లేవాల్సిన పొద్దయిందని అర్థమని, జొన్నరొట్టె తట్టే చప్పుడు విని ఏ ఇంట్లో ఎన్నో రొట్టె నడుస్తోందో చెప్పేవాళ్లమని, ఊరిబిండి పచ్చడి నాలుక మీద పెట్టుకొని చివరిదాకా మింగేవాళ్లం కామని. "మీ ఎమ్మిగనూరులో అప్పుడు ఎండ కూడా సల్లగా ఉన్నిందేమో" అంటుంది మేరి. ఆకలి సంగతి దానికి నేనెప్పుడూ చెప్పలేదు. ఊరిబిండి ఎందుకు మింగేవాళ్లం కాదో అది అడగలేదు, నేను చెప్పలేదు.

పత్తి మిల్లుల గోడలు వెనక్కిపోయాయి. కొండలు పోయాయి. వాన పడి రెండు రోజులైనట్టుంది, చేలల్లో పత్తి మోకాలెత్తున నిలబడింది. బస్సులో సగం మంది ఉరుకుంద ఈరన్న గుడి నుంచి వస్తున్నారు, శ్రావణం కదా, ఎక్కడ చూసినా గుండ్లు, గంధం, కొబ్బరి చిప్పలు. మగ్గం ఎలా ఉంటుంది అని మేరి ఒకసారి అడిగింది. అది పత్తి చేన్ల పిల్ల, పత్తి తెలుసు గానీ బట్ట ఎలా అవుతుందో చూడలేదు. ఇంటి నడిమధ్యన మనిషి నడుము లోతు గుంట అని చెప్పాను. నాయన నేల మీద కూర్చొని కాళ్లు గుంటలోకి వేస్తాడు, లోపల రెండు పలకలు ఉంటాయి, ఒకటి తొక్కితే పడుగు దారాలు రెండుగా విడిపోతాయి, ఆ సందులోంచి పేక దారం మోసుకుంటూ నాడె ఇటు నుంచి అటు పరుగెత్తుతుంది, వెంటనే అచ్చు వచ్చి దబ్బుమని కొడుతుంది. టక్కు, సర్రు, దబ్బు. మళ్లీ టక్కు. ఆ చప్పుడు ఆగితే నిద్రలో ఉన్న పిల్లలం లేచి కూర్చునేవాళ్లం. పిల్లలం అన్నాను. ఏ పిల్లలం? తమ్ముడు నాకంటే ఏడేళ్లు చిన్న. వాడికి ఊహ వచ్చేసరికి నాకు పన్నెండేళ్లు, లంగా ఓణీ వేసుకొని పెద్దమనిషిలాగా తిరుగుతున్నాను. మరి లేచి కూర్చున్నది ఎవరెవరం?

గుంటలో ఏముంటాయి. నాడెలోకి దారం చుట్టే కండె పుల్లలు, విరిగినవి, ఉంటాయి. గాజు ముక్కలుంటాయి. ఎండాకాలం అమ్మ మజ్జిగ కుండను ఆ మూల పెట్టేది, చల్లగా ఉంటుందని. నాయన బీడీల డబ్బా ఉండేది, ఆయన పోయినప్పుడు తమ్ముడే తీసి దాచాడు. ఇంకా, ఆయుధపూజ నాడు మగ్గం ఆపి, కడిగి, పసుపు కుంకుమ పెట్టాక, నాయన పిల్లలను గుంటలోకి దింపి గోడకు ఆనించి నిలబెట్టేవాడు. నాడెకు కొసన ఇనుప మొన ఉంటుంది కదా, దాంతో నెత్తి మీదుగా మట్టిగోడ మీద ఒక గీత గీసేవాడు. పోయినేడాది గీత, ఈ ఏడాది గీత. తల గుంట అంచు దాటితే ఆ పిల్ల కండెలు చుట్టడానికి పనికొచ్చినట్టు. "గుంట దాటినాది మా మల్లి" అని వీధంతా చెప్పుకున్నాడు నా విషయంలో. ఆ రోజు నాకు బెల్లం పెట్టారు. ఆ గీతల కోసమా నేను వద్దన్నది? మట్టి మీద గీసిన నాలుగు గీతల కోసం ఒక మనిషి నూట ఇరవై మంది పిల్లల వంట వదిలేసి బస్సెక్కుతుందా? ఏమో. ఎక్కాను కదా.

ఇక్కడే నాకెప్పుడూ ఒక తిరకాసు ఉంది. మేరికి కూడా చెప్పలేదు, నవ్వుతుందని. చిన్నతనంలో నేను రెండు చోట్ల ఉంటాను. రాట్నం ముందు కూర్చొని కండె చుడుతుంటాను, గుంటలోంచి ఒక పిల్ల చెయ్యి పైకి చాపి, ఇయ్యి అంటుంది, నేను వంగి కండె ఇస్తాను. చెయ్యి చాపిన పిల్ల నేనే. ఇచ్చిన పిల్లా నేనే. అదెలా కుదురుతుంది? ఒక ఏడాదిది ఇంకో ఏడాదితో కలిసిపోయింది అనుకునేదాన్ని. వీధిలో పడుగు చాచి ఉంటుంది, నేను దాని కిందుగా వంగి పరుగెత్తుతుంటాను, అమ్మ అరుస్తుంది, "మల్లీ, దాన్ని పట్టుకో, గంజి బానలో పడతాది" అని. దాన్ని అంటే ఎవరిని? మేకపిల్లనేమో అనుకునేదాన్ని. మేం మేకలు ఎప్పుడూ పెంచలేదు. మగ్గం ఇంట్లో మేకను పెంచుతారా ఎవరైనా, దారాలన్నీ నమిలిపెట్టదూ. ఇంకొకటి, బొంత. ఎర్రంచు పాత చీరలతో కుట్టిన బొంత. దాని కింద పడుకుంటే నా కాళ్ల మీద ఇంకొక కాలు ఉండేది, చిన్నది, వేడిగా, చెమటగా. తోసేస్తే మళ్లీ వచ్చేది. తమ్ముడిదే అనుకున్నాను ఇన్నేళ్లూ. కానీ తమ్ముడు పుట్టేసరికి ఆ బొంత ఇంట్లో లేదు. బాలింత అమ్మకు కప్పడానికి పెద్దమ్మ దుప్పటి తెచ్చింది, బొంత ఏమైంది అని అడిగితే ఎవరూ చెప్పలేదు. ఇది నాకు ఇప్పుడు గుర్తొస్తోంది, ఈ బస్సులో. ఇంతకాలం ఎందుకు రాలేదో అర్థం కావడం లేదు. కిటికీ అద్దం జరిపి గాలికి మొహం పెట్టాను.

"తిప్పమ్మా, తల లోపల పెట్టుకో" అన్న మాట విని ఉలిక్కిపడ్డాను. నన్ను కాదు. పక్క సీటులో ముప్పై ఏళ్ల మనిషి, ఒడిలో అయిదేళ్ల పిల్ల, అప్పుడే గీయించిన గుండు మీద గంధం, నిమ్మపండు రంగు గౌను. గాలి కోసం నా మీదుగా కిటికీలోకి తల పెడుతోంది. ఆ పేరు ఈమధ్య ఎవరూ పెట్టడం లేదు. నేను అడగకుండా ఉండగలనా.

"ఏ ఊరమ్మా?"

"సి.బెళగల్ పక్కన పల్లె అక్కా. ఉరుకుందలో ఎంటికెలు ఇచ్చి వస్తాండాము."

"ఈ కాలంలో తిప్పమ్మ అని ఎవరు పెట్టినారు పిల్లకు?"

"మా అత్త. బళ్లో యశస్విని అని రాయించినాము. ఇంట్లో తిప్పమ్మే. తిప్పలో ఏసి ఎత్తుకుంటిమి కదా" అంది ఆమె, ఎర్ర బస్సుకు ఎర్ర రంగు ఎందుకు అని అడిగినట్టు నన్ను చూసి.

మా తమ్మున్ని కూడా తిప్పలో ఏసి ఎత్తుకుంటిమి అన్నాను నేను. అనగానే నా నోరు దానంతటదే కథలోకి పోయింది. ఎన్నిసార్లు చెప్పి ఉంటాను. పిల్లల పెళ్లిళ్లలో, మిల్లులో పత్తి ఏరేటప్పుడు, మేరికి. నాకప్పుడు ఏడేళ్లు. వాడు పుట్టిన తొమ్మిదో రోజు, పెద్దమ్మ వాణ్ణి కొత్త చేటలో పడుకోబెట్టి తీసుకుపోయి వీధి చివర తిప్ప మీద, పేడ, బూడిద, ఊడ్చిన చెత్త మధ్యలో పెట్టి వచ్చింది. "పోయి ఎత్తుకోని రా. ఎవరి బిడ్డ అని అడిగితే తిప్పలో దొరికినాడని సెప్పు" అని నన్ను పంపింది. నేను పోయాను. ఈగలు ముసురుతున్నాయి, వాడు నిద్రపోతున్నాడు. చేటతో సహా ఎత్తుకొని, బరువుకు అడుగులు తడబడుతుంటే గుమ్మం దాకా వచ్చాను. లోపల నుంచి అమ్మ అడిగింది, ఎవరి బిడ్డ అని. తిప్పలో దొరికినాడు అన్నాను. నాకు ఇస్తావా అంది. తవుడు ఇస్తే ఇస్తా అన్నాను, అలా అనమని నేర్పారు. గుప్పెడు తవుడు నా చేతిలో పోసి అమ్మ వాణ్ణి కొనుక్కుంది. అంతే. అందరూ నవ్వారు. మా తమ్ముడు తవుడుకు కొన్నవాడు అని నేను ఈ కథను ముగిస్తాను. ఎప్పుడు చెప్పినా జనం నవ్వుతారు. వాడి ముందర చెబితే వాడు లేచి పోతాడు.

పక్క సీటు మనిషి నవ్వలేదు. "ఈమెకు ముందు ఒక పాప ఉన్నింది అక్కా" అంది. "హేమ. నాలుగో ఏడు నడుస్తాంటే జరమొచ్చినాది. కర్నూలుకు తీసుకపోతిమి గానీ నిలబడల్యా." ఫోన్ తీసి బొమ్మ చూపించింది. రెండు పిలకలతో ఒక పిల్ల, ఒక చేతిలో కొరికిన జామకాయ. ఒడిలో పిల్ల గంధం చెయ్యి ఫోన్ మీద పెట్టి, "మా అక్క" అంది నాతో. "దీనికి దినామూ సూపిస్తాను" అంది తల్లి. "నేను సెప్పకుంటే ఇంకెవరు సెప్తారు. దాని మాట ఎత్తద్దు, ఇది కూడా నిలబడదు అంటాది మా అత్త. నాకు ఊరుకుండేకి కాదు." ఆ పిల్ల గుండు మీద చెయ్యి పెట్టాను. గరుకుగా, వెచ్చగా ఉంది.

తిప్పన్న అని పేరుంటే ముందు పుట్టినవాళ్లు పోయారని, వీడైనా నిలబడాలని పెట్టారని మా వైపు ఎవరికి తెలియదు? నాకూ తెలుసు. ఎవరైనా అడిగితే, ఆఁ, వానికి ముందు ఒకటో రెండో పోయినాయంట అని చెప్పేదాన్ని కూడా. ఒకటో రెండో. పోయినాయంట. పురిట్లోనే పోయి ఉంటారనుకున్నాను, కళ్లు తెరవకముందే. ఎవరూ చెప్పలేదు. అమ్మ చెప్పలేదు, నాయన చెప్పలేదు, పెద్దమ్మ పోయేదాకా మా ఇంట్లోనే ఉండి కూడా చెప్పలేదు. నేను అడగలేదు. ఎందుకు అడగలేదు? ప్రతిదీ అడిగే దాన్ని కదా నేను, ఇంత నోరున్న దాన్ని. వేరేవాళ్ల తిప్పన్నల గురించి, తిప్పమ్మల గురించి కూపీ లాగే దాన్ని, నా తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి కథ చెప్పి నవ్వించి ఊరుకున్నాను. అడగకూడదని నాకు ఎవరైనా చెప్పారా. చెప్పినట్టే ఉంది. మాటతో కాదు.

ఒక చెంపదెబ్బ ఉంది. మా అమ్మ నన్ను జన్మలో ఒక్కసారే కొట్టింది. పాలు ఒలకబోసినా కొట్టలేదు, అతికిన పడుగులో రెండు దారాలు తారుమారు చేసి నాయన పని రెండు రోజులు వెనక్కి పెట్టినా కొట్టలేదు. ఆ ఒక్క దెబ్బకు ముందూ వెనకా నాకు ఏమీ లేవు. గుమ్మం ఉంది, ఎండ ఉంది, చెంప మండింది, కళ్లలో ఏదో దుమ్ము పడి చాలాసేపు నులుముకున్నాను. పెద్దయ్యాక అమ్మను అడిగాను, ఎందుకు కొట్టినావమ్మా ఆ రోజు అని. "నేను నిన్నెప్పుడు కొట్టినా?" అంది. అని అటు తిరిగి బియ్యం చెరగడం మొదలుపెట్టింది. బియ్యంలో రాళ్లు లేవు, అప్పటికే చెరిగినవి. అది చూసి కూడా నేను లేచి వచ్చేశాను. ఆ దుమ్ము ఎక్కడిది. బస్సు గతుకులో ఎగిరి పడింది, అందరూ ముందుకు తూలారు, ఒడిలో పిల్ల నా మోచేయి పట్టుకుంది. దుమ్ము మెత్తగా ఉంది, తియ్యటి వాసన. దుమ్ము కాదు. తవుడు. నా గుప్పిట్లో తవుడు ఉంది, దెబ్బకు చెయ్యి విడివడి తవుడు పైకి లేచి నా కళ్లలోనే పడింది.

కోటేకల్ దాటాము. చేట ఇచ్చేశాను, తవుడు తీసుకున్నాను, అందరూ నవ్వుతున్నారు, అమ్మ వాణ్ణి గుండెకు అదుముకొని ఉంది, ఏడుస్తోంది, నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు వచ్చాయనుకున్నాను. నాకేమో గర్వంగా ఉంది. పోతే దొరికాడు కదా. తిప్ప మీద వెతికితే దొరుకుతారు కదా. అందుకని అడిగాను. ఇప్పుడు వినిపిస్తోంది, నా గొంతే, ఏడేళ్ల గొంతు, "హనుమిని కూడా ఎత్తుకోని వచ్చేదా అమ్మా?" అని. అప్పుడు కొట్టింది.

హనుమి నా బొమ్మ పేరు అనుకున్నాను ఇన్నేళ్లూ. మేరిని అడగండి, ఎన్నిసార్లు చెప్పి ఉంటానో, నాకొక గుడ్డబొమ్మ ఉండేది, హనుమి అని పేరు పెట్టుకున్నాను, ఎక్కడో పోయింది అని. ఆ బొమ్మ మొహం గుర్తులేదు. గుడ్డ ఏ రంగో గుర్తులేదు. బొమ్మకు ఎవరైనా హనుమంతమ్మ అని పేరు పెడతారా? బొమ్మ బొంతలో కాలు వేస్తుందా? దాన్ని పట్టుకో మల్లీ అంటే నేను పట్టుకున్నది బొమ్మను కాదు, మెడ దగ్గర జాకెట్టు పట్టుకుంటే అది గింజుకొని కిలకిలమంది. ఇయ్యి అని గుంటలోంచి చెయ్యి చాపింది. దాని తల ఇంకా అంచు దాటలేదు, అందుకే గుంటలో ఉంది. నేను దాటాను, అందుకే పైన ఉన్నాను. బొంత దానితోనే పోయి ఉంటుంది. దాని ఫోటో ఏ ఫోనులోనూ లేదు, గోడ మీద లేదు, రేషన్ కార్డులో లేదు. ఒక్కచోట ఉంది. ఎందుకు వద్దన్నానో నా నోటికి నాకంటే ముందే తెలుసు. సి.బెళగల్ మనిషి, "ఏమాయ అక్కా, నీళ్లు తాగుతావా?" అంటోంది. తాగాను. బాటిల్ తిరిగి ఇవ్వడం మరిచిపోయి, దాన్ని పట్టుకునే ఎమ్మిగనూరులో దిగిపోయాను.

ఆటో మా వీధి మొదట్లో దిగేసరికి పదకొండూ పది. పడుగు చాచిన వీధి ఇప్పుడు సిమెంటు, రెండు పక్కలా బండ్లు. మా గుమ్మం ముందర ఎర్రమట్టి కుప్ప, పారలు. లోపల మేస్త్రి గోవిందన్న, నాకు తెలిసిన మనిషే, గంపతో నిలబడి ఉన్నాడు. గుంటలో అప్పటికే రెండు గంపల మట్టి పడింది. దీప గోడకు ఆనుకొని కర్ర పట్టుకొని నిలబడింది. "రెండు గంపలే అక్కా. ఇంగ రావనుకుంటిమి" అన్నాడు తమ్ముడు, కొంచెం కోపం, కొంచెం భయం. "ఇప్పుడు సెప్పు, ఏముంది?" నేను చెప్పులు విడిచి గుంట అంచున కూర్చున్నాను, నాయన కూర్చునే చోటే, కాళ్లు లోపలికి వేసి దిగాను. నడుము పట్టేసింది. మట్టి చల్లగా పాదాలకు తగిలింది. ఎడమ గోడ మూలకు సాలెగూళ్లు పట్టి ఉన్నాయి, కొంగుతో తుడిచాను. "ఫోన్ లైటు ఇటు పట్టు" అన్నాను. పట్టాడు.

గీతలు ఉన్నాయి. అన్నీ ఉన్నాయి. మూడు వరుసలు.

"ఇవి నీవి" అన్నాను కుడి చివరవి చూపించి.

"ఎరుకే కదా. ఆయుధపూజకు గీస్తాండె నాయన" అన్నాడు వాడు. "ఆ పక్క రెండు వరసలూ నీవి."

"రెండు వరసలూ నావెట్ల అయితాయి రా. మనిషికి ఒక వరసే కదా గీసింది."

"నేను నీవే అనుకుంటి అక్కా సిన్నప్పటి నుంచి."

"నేనూ అట్లే అనుకుంటి" అన్నాను.

నా వరుస అంచు దాకా పోయింది, చివరి గీత నేలతో సమానం. వాడి వరుసా అంతే. మధ్య వరుసలో గీతలు మూడే. మూడోది అంచుకు రెండు వేళ్ల కింద ఆగిపోయింది. వేళ్లు పెట్టి చూశాను, సరిగ్గా రెండు వేళ్లు. ఇంకొక్క ఆయుధపూజ ఉంటే దాటేది. బెల్లం పెట్టేవాళ్లు. నాకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. తమ్ముడు పైన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఎవరిది అది?" అన్నాడు. చెప్పాను. హనుమంతమ్మ, హనుమి అంటాంటిమి, నా తరువాతది, నీ ముందుది. నాలుగేళ్లది. ఎట్లా పోయిందో నాకు ఎరుక లేదు, నన్ను ఎవరూ సూడనీయలేదేమో, అదీ ఎరుక లేదు. నిన్ను తిప్పలో ఏసింది దాని కోసం, నువ్వన్నా నిలబడల్లని. దాని పేరు ఎత్తితే నువ్వు కూడా పోతావని అమ్మ భయపడి ఎత్తలేదు, నేను ఒకసారి ఎత్తితే కొట్టింది. నేను దాన్ని బొమ్మను చేసేసినా రా. అంతా ఒకేసారి, ముందుది వెనక, వెనకది ముందు చెప్పాను. వాడికి ఎంత అర్థమైందో తెలియదు. దీప కర్ర చప్పుడు చేసుకుంటూ అంచు దాకా వచ్చి చూసింది. గోవిందన్న గంప కింద పెట్టి తలగుడ్డ తీశాడు.

లైటు పట్టుకున్న వాడి చెయ్యి కదులుతుంటే గీతల నీడలు కదిలాయి. తరువాత వాడు ఆ వెలుతురులోనే ఫోను తిప్పి గోడను ఒక బొమ్మ తీశాడు. సరిగా రాలేదని ఇంకొకటి తీశాడు. "ఏం సేద్దాం అక్కా? పూడ్సాల్నా వద్దా?" అని అడిగాడు. నేను దీప కాలు వైపు చూశాను. "పూడ్చు. మళ్లీ ఎవురూ పడకూడదు" అన్నాను. నేను చెప్పాల్సింది అయిపోయింది. మధ్య వరుస మీద ఒకసారి అరచెయ్యి పెట్టి తీశాను.

ఇక పైకి రావాలి. అంచు నా నడుము దాకా ఉంది. చేతులు ఆనించి ఎగరబోయాను, కాదు. ఒకప్పుడు అంచు దాటానని వీధంతా చెప్పుకున్నారు గానీ ఇప్పుడు నా వల్ల కావడం లేదు. దీప నవ్వాపుకుంటోంది, కళ్లు తుడుచుకుంటూనే. నేను ఒక చెయ్యి పైకి చాపాను.

"తిప్పన్నా, చెయ్యి ఇయ్యి" అన్నాను. అనేశాక గుర్తొచ్చింది, వాడు పలకడని.

"ఆఁ అక్కా" అన్నాడు తమ్ముడు, రెండు చేతులూ కిందికి చాపి.